బ్యాటరీ పుస్తకంలో జనవరి వరుస

ఏప్రిల్ 25, శనివారం

గాలి నైరుతి నుంచి, ఓ మాదిరి. మంచు ముక్క ఒక్కటీ మిగల్లేదు. పక్క దీవి బోర్యే తొమ్మిదింటికి వస్తానని తొమ్మిదిన్నరకు వచ్చాడు. పడవను నీళ్ళలోకి దింపాం. అడుగున చుక్క కూడా ఊరలేదు. బోర్యే నేలమాళిగలోకి దిగి బ్యాటరీనీ, సముద్ర రేడియోనీ పైకి మోసుకొచ్చి పడవలో బిగించాడు. తాళం తిప్పితే ఇంజను టక్కుమని ఒకసారి అని ఊరుకుంది. రెండోసారి ఆ చప్పుడు కూడా లేదు.

బ్యాటరీ విప్పి వంటింట్లో ఛార్జికి పెట్టి వెళ్ళాడు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, కింద రేడియో బ్యాటరీకి తగిలించే ఉందేమిటి వదినా అని అడిగాడు. చలికాలమంతా రెండూ ఒకే అర మీద ఉంటాయి, అందులో వింత ఏముందన్నాను. తల గోక్కున్నాడు. కాఫీ రెండు కప్పులు తాగి, యాలకుల రొట్టె మూడు ముక్కలు తిన్నాడు.

సోమవారం ఆసుపత్రిలో ఉన్న మా ఆయన టూర్‌స్టెన్ దగ్గరికి పడవలో వెళదామనుకున్నాను. యాభై నిమిషాల దారి.

ఏప్రిల్ 26

9.1 వోల్టులు, ఉండాల్సింది 12.7. పదహారు గంటలు ఛార్జి పెట్టిన తర్వాత. చచ్చిన బ్యాటరీ.

ఏప్రిల్ 27, సోమవారం

వారంటీ కార్డు తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. కొన్నది రెండేళ్ళ క్రితం మే నెలలో. వారంటీ మూడేళ్ళు. షరతులు రెండు: చలికాలంలో పడవలోంచి తీసి పొడిచోట ఉంచాలి. నెలకొకసారి చూసి ఛార్జి చెయ్యాలి, చేసినట్టు రాసి ఉంచాలి.

రాసి ఉంచడం గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకుపచ్చ అట్ట పుస్తకంలో ముప్పై ఒక్క చలికాలాలున్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున పదింటికి, కాఫీ తర్వాత, టూర్‌స్టెన్ వంటింటి నేలలోని తలుపెత్తి నిచ్చెన దిగుతాడు. మీటరు పెట్టి అంకె కేకేస్తాడు. నేను బల్ల దగ్గర కూర్చుని రాస్తాను. ఆ తర్వాతే ఛార్జరు పెడతాడు. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. చూసినవాడే రాస్తే తను కోరుకున్నది రాస్తాడు అని పుస్తకం మొదలుపెట్టిన రోజే నేను పెట్టిన పద్ధతి. బ్యాటరీలు ఆరు మారాయి, పద్ధతి మారలేదు.

ఈ చలికాలం వరుసలు: నవంబరు 12.7. డిసెంబరు 12.7. జనవరి 12.7. ఫిబ్రవరి 12.7. మార్చి 12.7. ఏప్రిల్ 12.7.

పుస్తకం సక్రమంగా ఉంది. ఈ నెల మొదటివారంలో ఒక సాయంత్రం కూర్చుని అంతా సరిచేసి పెట్టాను. ఎక్కడా ఖాళీ లేదు.

సాయంత్రం ఓబో పట్నం నుంచి మారికా ఫోను. బోర్యే అప్పుడే చెప్పేసినట్టున్నాడు. ఆ మనిషి నోట్లో ఆవగింజ నానదు. మారికా నా కూతురే కాబట్టి సంగతి చుట్టూ తిప్పకుండా చెప్పింది. ఆసుపత్రి నుంచి తండ్రి ఇంటికి వచ్చేలా లేడు. దీవిలో నేను ఒక్కదాన్నే. వాళ్ళ ఇంట్లో చిన్న గదికి రంగు వేయించింది. పసుపు రంగట.

"కంపెనీ తప్పయితే పడవ నీది, దీవి నీది, నేను నోరెత్తను. నువ్వు మర్చిపోయి ఉంటే మాత్రం పడవ బోర్యేకి అమ్మేద్దాం. ఈరోజు బ్యాటరీ మర్చిపోతావు, రేపు నడిసముద్రంలో ఇంకోటి మర్చిపోతావు. అంతే కదమ్మా?"

అంతే అన్నాను. ఆ వాదనలో తప్పు లేదు. నేను నేర్పిన వాదనే.

నేను ఏదీ మర్చిపోను.

ఏప్రిల్ 28, మంగళవారం. పెద్ద దీవి, ఆసుపత్రి అతిథి గది

సర్వీసు పడవ మంగళ, శుక్రవారాలే వస్తుంది, వచ్చిన నలభై నిమిషాలకు వెళ్ళిపోతుంది. మంగళవారం దిగితే శుక్రవారం దాకా ఇక్కడే పడుండాలి. చలికాలంలో అలాగే నాలుగుసార్లు వచ్చాను. మన పడవ ఉంటే రోజూ వచ్చి రోజూ వెళ్ళవచ్చు.

బ్యాటరీని రెండు చక్రాల బండి మీద కట్టి తెచ్చాను. రేవు దగ్గర పడవ సామాన్ల కొట్టు క్రిస్టర్‌ది. నాలుగేళ్ళు నా దగ్గర చదువుకున్నాడు. లెక్కల్లో మందం, చేతిపనిలో చురుకు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"కూర్చుని మాట్లాడొచ్చా టీచరమ్మా, నిలబడే మాట్లాడాలా?"

ఎప్పుడూ ఇదే వేళాకోళం. గోడ మీది థర్మామీటరు చూపించి, రోజూ ఎనిమిదింటికి చూస్తున్నానండీ, ఆదివారాలు కూడా అన్నాడు. నాలుగో తరగతిలో వాతావరణం పుస్తకంలో వారం రోజుల ఉష్ణోగ్రతలు ఆదివారం ఒకేసారి కూర్చుని రాసుకొచ్చాడు. పుస్తకాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాను. ఏడు రోజుల సిరా ఒకే సిరా, ఏడు రోజుల వాలు ఒకే వాలు. నెల రోజులు ఎనిమిదింటికి బడికి వచ్చి థర్మామీటరు చూడమన్నాను. వచ్చాడు. ఆ నెల వాళ్ళ నాన్న పడవ మీద తీసుకొచ్చి తీసుకెళ్ళేవాడు.

బ్యాటరీకి తన పరికరం తగిలించాడు. బాగా ఖాళీ అయిపోయి చాలాకాలం అలాగే పడి ఉన్నట్టు చూపిస్తోందన్నాడు. ఎప్పుడైనా పూర్తిగా దిగిపోయిందా అని అడిగాడు.

"పుస్తకం నీ ముందే ఉంది," అన్నాను.

పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కాపీ తీయడానికి అంతసేపు చూడనక్కర్లేదు. నా అంకెల పొందిక చూసి మెచ్చుకుంటున్నట్టున్నాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు. కంపెనీకి పంపిస్తాను, రెండు మూడు వారాలు పట్టొచ్చు అన్నాడు. బండి తిరిగి రేవు దాకా తనే తోస్తానన్నాడు. ఖాళీ బండి తోయడం నాకు చేతనవునన్నాను.

టూర్‌స్టెన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టి ఉంది, ఎవరో పెట్టినట్టు. పక్షవాతం తర్వాత మూడు మాటలే ఉన్నాయి ఇప్పటికీ. అవును, లేదు, నాలుగు. అవునుకూ లేదుకూ తేడా పాటించడు. ఎక్కువగా అనేది నాలుగు. నన్ను చూడగానే నాలుగు అన్నాడు. పడవ దింపాం అంటే నాలుగు. మారికా అడిగింది అంటే నాలుగు. ఐనో అనే నర్సు కాఫీలో నాలుగు చక్కెర ముక్కలు వేసి తెస్తుంది, తాతగారి ఆర్డరు అంటుంది నవ్వుతూ. అతను జీవితంలో ఒక్క ముక్కకు మించి వేసుకోలేదని చెప్పాను. రోగి కోరిందే కదమ్మా వేస్తాం అంది. మూడు ముక్కలు నేను చెంచాతో తీసి సాసరులో పెట్టాను. మళ్ళీ నాలుగు అన్నాడు, గట్టిగా, నా ముఖంలోకి చూస్తూ.

అది అర్థం లేని మాట. డాక్టరు చెప్పాడు, ఇలాంటివాళ్ళకు ఒక్కో మాట అరిగిపోయిన గాడిలా మిగిలిపోతుందని.

ఏప్రిల్ 29

నాలుగు. పందొమ్మిదిసార్లు, నేను ఉన్నంతసేపట్లో.

మే 1, శుక్రవారం

ఇల్లు చేరాను. సర్వీసు పడవ నిండా తెల్ల టోపీలు పెట్టుకుని తాగిన జనం. మే పండుగ కదా. ఒకడు నాతో నాట్యమాడతానన్నాడు. ముందు నిటారుగా నిలబడటం నేర్చుకోమన్నాను.

మే 4

రేవును చీపురుతో కడిగాను. పడవ కట్టిన తాళ్ళు మార్చాను. కంపెనీ నుంచి ఏమీ లేదు.

మే 5

తాళ్ళు మళ్ళీ మార్చాను. మొదట కట్టినట్టే బాగుంది.

మే 7, గురువారం

మనవరాలు ఎలెన్ దగ్గర్నుంచి ఉత్తరం. ఓబోలో బడికి వెళ్తూ పదేళ్ళకు అక్షర దోషాలు తొమ్మిది. ఎర్ర సిరాతో దిద్ది, నా జవాబుతో కలిపి కవరులో పెట్టాను. ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంది. "అమ్మమ్మా, తాతయ్య నాలుగు అంటాడు కదా, నాలుగు ఏమిటి? నువ్వు అడిగావా?"

ఆ వాక్యంలో దోషం లేదు.

జవాబులో దాని గురించి రాయలేదు.

మే 9

దక్షిణపు గాలి. సముద్రం అద్దంలా ఉంది. ఇలాంటి రోజు చిన్నపిల్ల కూడా దాటగలదు. రేవు చివర నిలబడితే పెద్ద దీవి మీద నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది, దాని కింద ఎడమవైపు ఆసుపత్రి. ఉదయం రెండుసార్లు, భోజనం తర్వాత మూడుసార్లు వెళ్ళి నిలబడ్డాను. బాతులు జంటలు జంటలుగా ఉన్నాయి. పనేమీ చేయలేదు.

బోర్యే వచ్చి, తన పాత బ్యాటరీ పెట్టుకుని వెళ్ళు వదినా అన్నాడు. వద్దన్నాను. అరువు బ్యాటరీతో వెళ్తే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టవుతుంది. నీ మొండితనానికి టూర్‌స్టెన్ ఒక్కడే సరి అన్నాడు. వెళ్ళిపోయే ముందు కింది నుంచి బంగాళాదుంపలు ఏమైనా తేనా అని అడిగాడు. వసారాలో ఇంకా ఉన్నాయన్నాను.

ఆరు ఉన్నాయి. మొలకలొచ్చాయి.

మే 12

సర్వీసు పడవ వచ్చింది. నాకేమీ రాలేదు. మంగళవారం కాబట్టి ఎక్కి టూర్‌స్టెన్ దగ్గరికి వెళ్ళవచ్చు. సంచి కూడా సర్దుకున్నాను. నేను అక్కడ ఉండగా ఇక్కడికి ఉత్తరం వస్తే? పడవ వెళ్ళిపోయే దాకా రేవు మీదే నిలబడ్డాను.

మే 13

కింద ఉన్నది ఎప్పుడూ 12.7 ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళ పుస్తకంలో ఈ ఏటిది వదిలి జనవరి వరుసలు లెక్కపెట్టాను. 12.7 ఇరవై నాలుగుసార్లు, 12.6 ఆరుసార్లు. కాబట్టి 12.7 అని రాయడం ఊహ కాదు, అనుభవం.

ఇది ఎందుకు లెక్కపెట్టానో తెలియదు.

మే 15, శుక్రవారం

క్రిస్టర్ ఫోను. కంపెనీ ఒప్పుకుంది. తయారీలో లోపం కింద మార్చి ఇస్తున్నారు. పుస్తకం చూసి వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. మంగళవారం సర్వీసు పడవలో కొత్తది పంపిస్తాను టీచరమ్మా అన్నాడు. నేను ధన్యవాదాలు చెప్పాను. జాగ్రత్తండీ అని పెట్టేశాడు.

మారికాకు వెంటనే ఫోను చేశాను. మాట మాటే, పడవ నీదే అంది. పసుపు గదిలో కుట్టుమిషను పెట్టుకుంటానంది. నిచ్చెన సంగతి మాత్రం గుర్తుంచుకో, ఒక్కదానివే దిగకు అని మళ్ళీ చెప్పింది. జనవరిలో నాచేత ప్రమాణం చేయించుకుంది. దిగలేదు, దిగను అన్నాను.

దిగలేదు అన్నాను.

ఆ మాట పట్టుకుని తను ఏమీ అడగలేదు. ఎందుకు అడగలేదో. అడిగితే ఏం చెప్పేదాన్నో.

మే 16

నిద్ర పట్టలేదు. కంపెనీ తప్పు. కాగితం మీద ఉంది.

మే 19, మంగళవారం

బ్యాటరీ వచ్చింది. పందొమ్మిది కిలోలు. పడవవాడు రేవు మీద పెట్టి వెళ్ళాడు. వాన. టార్పాలిన్ కప్పాను. రేపు.

మే 20, బుధవారం

ఉదయం వాన తెరిపి ఇచ్చింది. బోర్యేని పిలవలేదు. బ్యాటరీని బల్లచెక్క మీదుగా పడవలోకి జార్చాను. ముందు ఎరుపు, తర్వాత నలుపు. టూర్‌స్టెన్ చేస్తుంటే నలభై ఏళ్ళు చూశాను. నట్టు బిగించాను. నలుపు తీగ తగిలీ తగలగానే నా వెనక మగగొంతు మాట్లాడింది.

రేడియో. ఎవరూ మీట నొక్కలేదు. ఆన్‌లోనే ఉంది. అత్యవసర ఛానెల్ పదహారు, చప్పుడు పూర్తిగా పెంచి ఉంది, చెవి దగ్గర పెట్టుకోకుండా దూరం నుంచి వినడానికి పెంచినట్టు. కోస్ట్ గార్డు గాలి హెచ్చరిక చదువుతున్నాడు.

నేను పెంచాను. నేను ఆన్ చేసి, నేను పెంచి, నేను కట్టేయలేదు.

పడవ చెక్క మీద ఎంతసేపు కూర్చున్నానో రాసుకోలేదు. లేచేసరికి లంగా తడిసి ఉంది.

మే 21, గురువారం

జనవరి ఒకటిన జరిగింది ఈ డైరీలో లేదు. ఆ పేజీలో 'గాలి వాయవ్యం, తుపాను. టూ. ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు' అని ఒక్క వాక్యం ఉంది. మిగతాది డాక్టరు కాగితాల్లో ఉంటుందిలే అనుకున్నాను. వాళ్ళ కాగితాల్లో బ్యాటరీ గురించి ఏముంటుంది?

పది గంటలకు కాఫీ అయింది. తలుపెత్తి దిగాడు. నేను పుస్తకం తెరిచి తేదీ రాశాను. కింది నుంచి, "పన్నెండూ..." అని కేకేశాడు. కలం పట్టుకుని ఎదురుచూశాను. మీటరు రాతినేల మీద పడ్డ చప్పుడు వచ్చింది. పన్నెండూ ఎంత అని అడిగాను. కాస్త విసుక్కుంటూనే అడిగాను. అది దాచను. మళ్ళీ అడిగాను.

నేను దిగేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నోరు ఒకవైపు జారింది. నన్ను చూసి ఏదో చెప్పబోతున్నాడు. తుపానుకు ఫోను పనిచేయడం లేదు. రేడియో తీగలు బ్యాటరీకి తగిలించాను. కోస్ట్ గార్డు రెండో పిలుపుకే పలికాడు. చప్పుడు పెంచి రేడియో అర మీద పెట్టి, టూర్‌స్టెన్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు అడిగినప్పుడల్లా లేచి జవాబు చెప్పాను. యాభై ఐదు నిమిషాలకు వచ్చారు. నలుగురు కలిసి స్ట్రెచరుకు కట్టి నిచ్చెన మీదుగా పైకి లాగారు. వాళ్ళతోపాటే నేనూ ఎక్కాను. పదమూడు రోజుల తర్వాత ఇంటికొచ్చి, వంటింటి నేల తలుపు మూసి, దాని మీద తివాచీ వేశాను. మారికా దిగొద్దని ప్రమాణం అడిగినప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పుడు రాస్తున్నాను.

రేడియో కింద వాగుతూనే ఉండి ఉంటుంది. రెండు మూడు రోజులు. బ్యాటరీ అయిపోయేదాకా. ఆ తర్వాత మూడు నెలల పైన అలాగే ఖాళీగా.

ఫిబ్రవరి ఒకటిన పుస్తకం తీశాను, మళ్ళీ పెట్టేశాను. మార్చిలోనూ అంతే. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నాలుగు వరుసలు ఒకేసారి కూర్చుని నింపాను. అదే సిరా. ఇందాక కిటికీ దగ్గర పట్టి చూశాను. అదే వాలు.

క్రిస్టర్ మెచ్చుకోవడం కాదు.

మే 21, సాయంత్రం

తివాచీ తీశాను. మారికాకు ఫోను చేసి, దిగుతున్నాను, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తాను, చేయకపోతే బోర్యేకి చెప్పు అన్నాను. ఏమిటమ్మా అంటుండగానే పెట్టేశాను. నిచ్చెనకు పదకొండు మెట్లు. కింద బంగాళాదుంపల వాసన, ఇంకేమీ లేదు. మీటరు పడ్డచోటే ఉంది. అద్దం పగల్లేదు. ఎనిమిది నిమిషాలకు పైకి వచ్చి ఫోను చేశాను. అప్పుడు మొత్తం చెప్పాను.

అమ్మేయమంటే అమ్మేస్తానన్నాను. ఒప్పందంలో రెండో సగం అదే కదా.

"నువ్వు మర్చిపోలేదమ్మా. దిగలేకపోయావు."

రెండూ ఒకటి కాదా అన్నాను. కాదంది. మర్చిపోయేవాళ్ళను ఒంటరిగా ఉంచకూడదు, దిగలేనివాళ్ళకు తోడు వెళ్ళాలి అంది. ఆ తర్వాత ఏడ్చింది, జనవరిలో తను అడిగితే ఎందుకు చెప్పలేదని. నువ్వు అడిగింది నిచ్చెన గురించి అన్నాను. అది సరైన జవాబు కాదని అన్న తర్వాత తెలిసింది.

పడవ సంగతి చలికాలానికి ముందు మాట్లాడుకుందామంది. అమ్మనూ అనలేదు, అమ్మొద్దనీ అనలేదు.

మే 22, శుక్రవారం. పెద్ద దీవి

ఆరున్నరకు బయల్దేరాను. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. యాభై రెండు నిమిషాలు, ఎదురుగాలి. రేడియో ఆన్, చప్పుడు మామూలుగా.

ముందు కొట్టుకు వెళ్ళాలి, అది న్యాయం. కానీ కొట్టు తెరిచేది తొమ్మిదింటికి, ఆసుపత్రి ఎనిమిదింటికే తెరుస్తారు. ఇలా రాస్తే సాకులా ఉంది. ముందు టూర్‌స్టెన్ దగ్గరికే వెళ్ళాలనిపించింది.

ఆకుపచ్చ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అతనికి ఎదురుగా కూర్చున్నాను. నేను అబద్ధం రాశానని చెప్పాను. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వరుసలు అతని కళ్ళముందే గీత కొట్టి, 'చూడలేదు' అని రాసి, సంతకం పెట్టాను. అతను గీతల్నే చూస్తున్నాడు. జనవరి వరుస మిగిలింది. దాన్ని కూడా కొట్టబోతూ, ఆ రోజు నువ్వు సగమే చెప్పావు కాబట్టి అని వివరించబోయాను. ముప్పై ఏళ్ళ అలవాటు మీద, కలం ఎత్తి, వరుస పైకి చదివాను.

"జనవరి ఒకటి. పన్నెండూ..."

"నాలుగు," అన్నాడు.

ఐనో కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి నవ్వింది, తాతగారు మొదలుపెట్టారు అని. నేను చెయ్యెత్తి ఆమెను ఆపాను.

"పన్నెండు నాలుగా, టూర్‌స్టెన్?"

"అవును."

అవునుకూ లేదుకూ తేడా పాటించని మనిషి. కానీ ఎడమ చెయ్యి చాపి వేలు పుస్తకం మీద పెట్టాడు, జనవరి వరుస మీద, సరిగ్గా అంకె ఉన్నచోట. రాసేదాకా వేలు తీయలేదు. 12.7 కొట్టేశాను. 12.4 రాశాను. పక్కన 'చూసింది టూ.' అని రాశాను. ఐదు నెలలు ఆలస్యం. గోడకు ఆనుకుని నాకు చెప్పబోయింది ఇదే. స్ట్రెచరు మీద కడుతుంటే చెప్పబోయిందీ ఇదే. ఆ రోజు నుంచి ప్రతిరోజూ, ప్రతివాళ్ళకూ చెబుతున్నది ఇదే. నేనేమో చెంచాతో చక్కెర ముక్కలు తీసి పక్కన పెడుతూ వచ్చాను.

కాఫీ ఇచ్చారు. నాలుగు ముక్కలూ సాసరులో ఉన్నాయి. మూడింటిని ఎడమచేత్తో పక్కకు తోశాడు. ఒకటి వేసుకున్నాడు.

నేను ఉన్న మూడు గంటల్లో మళ్ళీ ఆ మాట అనలేదు.

తర్వాత కొట్టుకు వెళ్ళాను. క్రిస్టర్ లేచాడు. ఈసారి నేనే నిలబడి మాట్లాడతాను, నువ్వు కూర్చో అన్నాను. కూర్చోలేదు. పుస్తకం ముందుపెట్టి జరిగింది చెప్పాను. తెలిసీ ఎందుకు పంపావని అడిగాను.

"మీరు నన్ను నెల రోజులు థర్మామీటరు చూడమన్నారు టీచరమ్మా. కొట్టలేదు, ఇంట్లో చెప్పలేదు, సున్నా కూడా వెయ్యలేదు. సరిగ్గా చూసి రాసేదాకా వదల్లేదంతే. నాకు మిమ్మల్ని థర్మామీటరు చూడమనే దమ్ము లేదు."

కంపెనీకి దిద్దిన పుస్తకం పంపమన్నాను. అతను జనవరి వరుస చూసి కనుబొమ్మలెత్తాడు. డిసెంబరు ఒకటిన నిండా ఛార్జి చేసింది, ఏ తీగా తగిలించకుండా, ఒక్క నెలకే 12.4కు పడిందా అన్నాడు. అలా పడకూడదు. అంటే రేడియో కంటే ముందే అది జబ్బుది కావచ్చు, కంపెనీ తప్పూ ఉండొచ్చు, అసలు అంకె మొదటే ఉంటే అడగడానికి మనకు బలం ఉండేది అన్నాడు. ఉండేదేమో. ఎంత వాళ్ళ తప్పు, ఎంత నాది అన్నది ఇప్పుడు ఏ పరికరమూ చెప్పలేదు. వాళ్ళ జవాబు వచ్చేదాకా ఉంచమని బ్యాటరీ ధర కవరులో పెట్టి ఇచ్చాను. తీసుకోనన్నాడు. నీ లెక్కలు నాకు తెలుసు కాబట్టి నేనే ఎంచాను అన్నాను. సొరుగులో పెట్టాడు.

రేవు దాకా వచ్చి తాడు విప్పి ఇచ్చాడు. ఈసారి వద్దనలేదు.

మే 24

ఎలెన్‌కు ఉత్తరం రాశాను. నాలుగు ఏమిటో రాశాను. నువ్వు అడిగిన ప్రశ్న అందరికంటే ముందు నేను అడగాల్సింది అని కూడా రాశాను. ఆ తొమ్మిది తప్పులు మళ్ళీ చేయకని చివర రాశాను.

మే 27

టూర్‌స్టెన్ 'పడవ' అన్నాడు. ఐనో సాక్షి.

మే 29

పడవ అని మళ్ళీ అన్నాడు. ఏ పడవ అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. చెప్పలేకపోయాడు. కూర్చున్నాను.

జూన్ 1, సోమవారం

వేసవిలో చూడనవసరం లేదు, పుస్తకంలో వేసవికి గడులు కూడా లేవు. గడి గీశాను. పది గంటలకు, కాఫీ తర్వాత, మీటరూ పుస్తకమూ రెండూ తీసుకుని పడవలోకి దిగాను. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి అన్న పద్ధతి ఈసారి కుదరదు. అంకెను ముందు పైకి చదివాను, రేవు మీద ఎవరూ లేకపోయినా. అది పుస్తకంలోకి ఎక్కే లోపల మారకుండా ఉండటానికి.

12.6.

12.7 కాదు. మళ్ళీ చూశాను. 12.6. రాశాను.